కుడికాలి బూటు

మధ్యాహ్నం మూడింటికే మొదలవుతుంది పంచాయితీ
గౌతమపుర మైదానం గేటు పక్క, నా గొడుగు కింద.
నాలుగు భాషల్లో తిట్టుకుంటాం, ఒక్క బంతి గురించి.

సెల్వమణి బీడీ ముట్టించి తీర్పు చెప్పేస్తాడు:
"పెద్ద క్లబ్బు. పిల్లోణ్ణి తీసుకుంటారు, బెంచీ మీద ఆరేస్తారు.
ఆ బ్రెజిలోడికి ముప్పైనాలుగేళ్లు, మోకాలికి రెండు ఆపరేషన్లు,
అయినా వాణ్ణి పక్కన పెట్టరు.
వాడికిచ్చే జీతం పెట్టనీదు."

ఇర్షాద్ ఒప్పుకోడు. వేళ్ల మీద లెక్క:
"లీగులో పదకొండు ఆటలు, పద్నాలుగు గోల్స్.
అందులో పెనాల్టీ ఒక్కటి లేదు.
ఎత్తు చాలదంటారా?
గోలు నిలువుకంటే అడ్డమే కదా ఎక్కువ!"

"పద్నాలుగూ ఎడంకాలివే"
అంటాడు బోరయ్య, శెనక్కాయ వలుస్తూ,
ఎటూ మొగ్గకుండా.

నేను మాట్లాడను.
నా నోట్లో మేకులుంటాయి.

నెహెమ్యా పన్నెండేళ్ల వాడప్పటి నుంచి
వాడి బూట్లన్నీ నా ఒళ్లోంచి పోయినవే.
మొదటి జత వాళ్లన్నది, రెండు సైజులు పెద్దది,
ముందు గుడ్డపేలికలు కుక్కి ఇచ్చాను.
ఎడంది ప్రతిసారీ లోపలి అంచున
సబ్బుబిళ్లలా అరిగి వచ్చేది.
కుడిది మాత్రం
పెళ్లికి పోయొచ్చిన చెప్పులాగ నిగనిగలాడుతూ.
"ఏరా, కుడికాలు దేవుడిచ్చింది బస్సెక్కడానికేనా?"
అంటే నవ్వేవాడు,
ఒంటికాలి మీద కొంగలా నిలబడి,
చిరిగిన మేజోట్లో బొటనవేలు ముడుచుకుని.

ఆదివారం కంఠీరవలో, తూర్పు మెట్ల మీద నలుగురం.
వానొచ్చేలా ఉంది, రాలేదు.
ఎనభైనాలుగో నిమిషంలో పలక ఎత్తారు: ముప్పైతొమ్మిది.
బ్రెజిలోడు తాపీగా నడిచొచ్చి
పిల్లోడి తల నిమిరి కూర్చున్నాడు.
ఇర్షాద్ నా భుజం పట్టుకున్నాడు, ఇప్పటికీ నొప్పి.

మూడుసార్లు తగిలింది బంతి వాడికి.
ఒకటి వెనక్కిచ్చాడు.
ఒకటి పోగొట్టుకున్నాడు.
మూడోది పెనాల్టీ గీత మీద.
డిఫెండరు ఎడమవైపు తలుపేసి నిలబడ్డాడు,
అందరికీ తెలిసిపోయినట్టుంది వాడి ఎడంకాలి సంగతి.
వాడు కుడికి కోసుకున్నాడు.
కుడికాలితో కొట్టాడు.

స్తంభానికి బారెడు అవతల
సిమెంటు కంపెనీ బోర్డుకు తగిలింది బంతి.
మెట్లన్నీ ఒకేసారి ఉస్సురన్నాయి.

బస్సులో సెల్వమణి:
"ఎడమకి తెచ్చుకోవాల్సింది. అంతే. అయిపోయింది."
ఇర్షాద్ కిటికీలోకి చూస్తున్నాడు.
"జనవరిలో ఇంకో క్లబ్బుకి అప్పిస్తారు" అన్నాడు బోరయ్య.
"మనిషిని అప్పివ్వడమేమిటి?" అన్నాడెవరో వెనక సీట్లోంచి.
"ఇస్తారయ్యా.
మా నాయన్ని ఇచ్చినారు, ఇటుకబట్టీకి,
వడ్డీ కింద."
శెనక్కాయల పొట్లం మడిచి జేబులో పెట్టుకున్నాడు.
ఆ తర్వాత రెండు స్టాపులు ఎవరం మాట్లాడలేదు.

నేను ఆ కుడికాలి దగ్గరే ఉండిపోయాను.
ఎప్పుడు నేర్చాడు?
మేమెవరం లేనప్పుడు
ఏ గోడకేసి కొట్టుంటాడు, ఎన్ని వందలసార్లు?
బూటు చేతికొస్తే చెప్పగలను.
బొటనవేలి పక్కన తోలు మెత్తబడితే ఒక లెక్క,
కుట్టు నోరు తెరిస్తే ఇంకో లెక్క.
కానీ క్లబ్బు ఏడాదికి నాలుగు జతలిస్తుందట.
అరిగేలోగా కొత్తవి.
నా గొడుగు కిందికి ఇక రావు.
నేనూ ఇక వీళ్లలాగే
మెట్ల మీంచి చూసి ఊహించాల్సిందే.

"నువ్వేమంటావ్ పెంచలయ్యా?
ఏళ్ల తరబడి వింటావు, ఒక్కమాట చెప్పవు.
నిలబడతాడా, లేదా?"

నోట్లో మేకుల్లేవు.
ముగ్గురూ నావైపే చూస్తున్నారు.

"కొట్టింది ఏ కాలితో చూశారా?" అన్నాను.

సెల్వమణి నోరు తెరిచాడు, మూశాడు.
హలసూరు స్టాపు దాటిపోయింది.